బొమ్మ చూసి కట్టే ఆఫీసులు

ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు దాకా రోడ్డు పొడవునా ఈమధ్య ఒకటే వరస. నిన్నమొన్నటి దాకా నిక్షేపంలా ఉన్న ఆఫీసును పగలగొట్టడం, ముందు అద్దం బిగించడం, పైన తెల్లటి ఫాల్స్ సీలింగ్ వేలాడదీయడం, కింద గుజరాత్ నుంచి వచ్చిన టైల్స్ పరచడం. సిమెంటు డీలరు, బండల వ్యాపారి, లారీ ట్రాన్స్‌పోర్టు, చిట్‌ఫండు... ఎవరి దగ్గరికి పోయినా ఒకటే గది, ఒకటే సోఫా. లోపల కూచుంటే అది ఏ వ్యాపారమో బోర్డు చదివితే తప్ప తెలియదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మా రోజుల్లో కొత్తగా అంగడి పెట్టాలన్నా, ఉన్నదాన్ని బాగుచేయాలన్నా ముందు పని చూసేవాళ్లు. ఎవరెవరు వస్తారు, వచ్చినవాళ్లు ఎంతసేపు ఉంటారు, ఏ పుస్తకం ఎవరి చేతికి అందాలి, డబ్బు ఎక్కడ లెక్కపెట్టాలి, సరుకు ఏ వాకిట్లోంచి దిగాలి. ఇవన్నీ తేలినాక బేల్దారి మేస్త్రికి కబురు పోయేది. ఇప్పుడు మొదట ఫోనులో బొమ్మ చూస్తారు. బొమ్మ నచ్చితే గోడలు లేస్తాయి. అక్కడ చేయాల్సిన పని ఏమిటని అడగడం గృహప్రవేశం అయినాక మొదలవుతుంది.

నేను వయసులో ఉన్నప్పుడు ప్రొద్దుటూరులో ఒక గుడ్డల అంగట్లో లెక్కలు రాసేవాణ్ణి. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అనేవాళ్లు. గుడ్డలకూ బంగారానికీ జమ్మలమడుగు, పులివెందుల, మైదుకూరు వైపు నుంచి జనం దిగేవాళ్లు. ఆ అంగడి సన్నటిది, పొడుగుది. వీధి నుంచి మూడు మెట్లు. చెప్పులు కింద విడిచి ఎక్కితే గోడ నుంచి గోడకు పరుపు, దాని మీద తెల్ల దుప్పటి, వెనక దిండ్లు. ఎడమపక్క షావుకారు, ఆయన మోకాలి ముందు వాలుమూత చెక్కపెట్టె. మూత పైన చిట్టా, మూత కింద చిల్లర, తాళాలు. ఆయనకు చెయ్యి చాపితే అందే దూరంలో నేను, నా పక్కన ఎర్రగుడ్డ బైండు ఆవర్జాలు. ఎవరైనా బాకీ సంగతి ఎత్తితే షావుకారు నావైపు చూసేవాడు, అంతే, నేను పుట తీసేవాణ్ణి. ఎవరూ లేచేది లేదు, గట్టిగా పిలిచేది లేదు. ఒకరి బాకీ ఇంకొకరి చెవిన పడేదీ లేదు. పుస్తకానికీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలో ముందే కొలిచి కట్టిన అంగడి అది.

ఇంకొకటి చెప్పాలి. చీర విప్పేది వాకిలి వైపే. లోపల ఎంత దీపం ఉన్నా, రంగు తేల్చుకోవాల్సి వస్తే గుమ్మం దగ్గర పగటి వెలుతురులో పట్టి చూపించేవాళ్లు. అందుకే ముందువైపు అడ్డం ఏదీ పెట్టలేదు, నీడకు పంచ మాత్రమే. ఇప్పుడు అదే బజారులో అంగళ్లన్నీ ముందువైపు మూసేసి, లోపల వందల దీపాలు బిగించినారు. ఎల్‌ఈడీ కొనేటప్పుడు వాట్లు చూస్తారే గానీ, మంచి కంపెనీ డబ్బా మీద సీఆర్‌ఐ అని ఇంకొక అంకె ఉంటుంది, దాన్ని చూడరు. అది 100కు దగ్గరయ్యే కొద్దీ రంగు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. గుడ్డలు, నగలు అమ్మేచోట అది 90కి తగ్గకూడదు. అంగట్లో మామిడిపండు రంగు అనుకుని తీసుకున్న చీర ఇంటికి పోయి విప్పితే నిమ్మపండు రంగులో ఉందని ఆడవాళ్లు తిరిగి తెస్తున్నారంటే, తప్పు వాళ్ల కళ్లది కాదు.

ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణం మా అన్న కొడుకు. వాడికి బండల వ్యాపారం, దానికి తోడు రెండు లారీలు. ఆఫీసు పాతబడిందని మొత్తం మార్చాలనుకున్నాడు. మార్చనీ, మంచిదే. హైదరాబాదు నుంచి ఇంటీరియర్ చేసే కుర్రవాణ్ణి పిలిపించి త్రీడీ డ్రాయింగు వేయించి నాకు చూపించినాడు. పడమటి గోడ మొత్తం అద్దం. గుమ్మం ఎదురుగా అర్ధచంద్రాకారం కౌంటరు. వాడికి ఒక అద్దాల గది. మిగతావాళ్లకు సాలెగూడులా చిన్న చిన్న అరలు.

"లారీ డ్రైవర్లు యాడ కూచోవాల అబ్బీ?" అని అడిగినా.

"వాళ్లు బయట ఉంటార్లే చిన్నాయనా."

బయట అంటే ఎండలో. మే నెలలో మా జిల్లాలో 43, 44 డిగ్రీలు కొత్త సంగతి కాదు. లోడు కాగితం కోసం, ఈ-వే బిల్లు కోసం గంటలు గంటలు కాచుకునేది డ్రైవరే. ఆ ఆఫీసులో అందరికంటే ఎక్కువసేపు ఉండేవాడికే బొమ్మలో చోటు లేదు. మా అంగట్లో పల్లె నుంచి వచ్చిన రైతు బరువు దించుకోవడానికి అరుగు, దాహం తీర్చుకోవడానికి కుండ, తర్వాతే మిగతావన్నీ.

ఇక ఆ పడమటి అద్దం. మధ్యాహ్నం రెండు దాటితే ఎండ నేరుగా కంప్యూటరు మీద పడుతుంది. తెర కనిపించదు కాబట్టి కర్టెను దించుతారు. కర్టెను దించితే చీకటి కాబట్టి లైట్లు వేస్తారు. అద్దం వేడెక్కుతుంది కాబట్టి ఇంకొక ఏసీ పెడతారు. ఈ ఖర్చంతా ఒక గోడను మూసి, ఉత్తరం పక్క రెండు కిటికీలు పెడితే పోయేది. మా ఊరు కలమల్ల. మా పక్కనే రాయలసీమ థర్మల్ కేంద్రం, 1994లో మొదటి యూనిట్ నడిచింది, ఇప్పుడు 1,650 మెగావాట్లు. కరెంటు మా గడపలో పుడుతుంది కదా అని పట్టపగలు దీపాలు వెలిగించుకుని కూచోవడం నాకు సహించదు. ఆ కరెంటు కోసం కాలే బొగ్గు, ఇళ్ల మీద వాలే బూడిద ఎట్లా ఉంటాయో మేము చూస్తూనే ఉన్నాము.

పాత మిద్దెల్లో దూలాలు, వాటిమీద దంతెలు, దానిపైన బండలు, మట్టి, అన్నిటికీ పైన వాన దిగకుండా చౌడు. ఇంటి నడుమ పైకప్పులో గవాచి. వేడిగాలి అందులోంచి పోయేది, వెలుతురు అందులోంచి దిగేది. అవే మిద్దెలు ఇప్పుడు కట్టమని నేను అనడం లేదు. చౌడు తోలేవాళ్లూ లేరు, ఏటా మిద్దె ఎక్కి సరిచేసే ఓపికా లేదు. కానీ పది అడుగుల ఎత్తున్న గదిని ఫాల్స్ సీలింగుతో ఎనిమిదిన్నరకు దించడం ఎందుకు? స్లాబు కారుతుంటే ఆ చెమ్మ ఎవరికీ కనిపించదు. జిప్సం అట్ట ఉబ్బి ఊడి పడినప్పుడే తెలుస్తుంది. రాతకోతల బల్ల మీద 300 నుంచి 500 లక్స్ వెలుతురు ఉంటే చాలు. ఆ వెలుతురు బల్ల మీద పడాలి, సీలింగు అంచుల్లో కాదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది నేల. ఎర్రగుంట్ల, ముద్దనూరు చుట్టూ నేల తవ్వితే బండ. ఆ నల్లబండ పూణే, బొంబాయి వంటిళ్లలో గట్ల మీద ఉంటుంది, అక్కడివాళ్లు దాన్ని కడప పేరుతోనే పిలుస్తారు. మా ఊళ్లో చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో ఎరికల్ ముతురాజు ధనంజయుడు వేయించిన శాసనం ఉంది. సుమారు 575 నాటిది, తెలుగులో దొరికిన తొలి శాసనంగా పండితులు చెప్పేది దాన్నే. పద్నాలుగు వందల ఏళ్లుగా రాతిని నమ్మిన ఊరు. అట్లాంటి ఊరివాడు, అందులోనూ బండలమ్మి బతికేవాడు, తన ఆఫీసుకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి టైల్స్ తెప్పిస్తాడా! కొనడానికి వచ్చినవాడు కాలికింద టైలు చూసి, ఈయన సరుకు ఈయనకే నచ్చలేదేమో అనుకోడా?

"బండ పాతకాలం మాదిరి ఉంటాది చిన్నాయనా, మరకలు పడతాయి" అన్నాడు.

మరక పడుతుంది, అబద్ధం లేదు. అది సున్నపురాయి జాతి. నిమ్మరసం పడినా, బాత్రూం కడిగే యాసిడ్ పడినా తెల్లగా మాడిపోతుంది. కానీ మంచినీళ్లతో తుడుచుకుంటూ, అప్పుడప్పుడూ పాలిష్ పట్టిస్తే తాతల నాటి బండ కూడా మొహం కనిపించేలా ఉంటుంది. లారీల నుంచి వచ్చే రాతిదుమ్ము తెల్ల టైలు మీద గంటకొకసారి కనిపిస్తుంది. రెండు చోట్లా నడిచి చూస్తే తెలుస్తుంది ఏది కాలికి చల్లనో. వాడి ఆఫీసు నేలకు మెరుగు పట్టిన బండ, డ్రైవర్లు తిరిగే చోట గరుకు బండ, గోడ మీద తన దగ్గర దొరికే రకాలన్నీ ఒక్కొక్క పలక. ఇంతకు మించిన షోరూం ఏముంటుంది?

పనిని బట్టి చోటు అనడానికి కడపలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన బ్రౌన్ దొర తర్వాత ఇక్కడ ఒక బంగళా కొన్నాడు. పండితుల్ని, లేఖకుల్ని సొంత డబ్బుతో పెట్టుకుని, తాళపత్రాలు సేకరించి, ఒకదానితో ఒకటి పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. చేయాల్సిన పని ముందు, దానికి చోటు తర్వాత. ఆ బంగళా శిథిలమైనాక జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి అదే స్థలంలో గ్రంథాలయం నిలబెట్టారు. పని మీద గౌరవం ఉన్నవాళ్లకు చోటు ఎట్లా ఉండాలో తెలుస్తుంది.

మళ్లీ మావాడి సంగతికి వస్తా. డ్రాయింగులో బీరువా లేదు. "కాగితాలన్నీ కంప్యూటర్లోనే" అంటాడు. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చింది కదా, లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలని ఆ చట్టమే చెబుతోంది. కంప్యూటర్లో దాచినా సంతకాలు పెట్టిన రసీదులు, పర్మిట్లు, బండి కాగితాలు కట్టలు కట్టలుగా వస్తూనే ఉన్నాయి. వాటిని ఇప్పుడు సోఫా వెనక అట్టపెట్టెల్లో కుక్కుతున్నారు. ఇన్వర్టరు బ్యాటరీలను మెట్ల కింద గాలి ఆడని అరలో చూపించినారు. ఛార్జింగులో వాటినుంచి మండే గ్యాసు వస్తుందని ఎలక్ట్రీషియను అయితే చెప్పేవాడు. కానీ ఈ కాలంలో వాస్తు చెప్పేవాణ్ణి మొదట, ఎలక్ట్రీషియన్ను చివర పిలుస్తారు. నేల పరచినాక ప్లగ్గు కావాలంటే టైల్సు కోయాల్సిందే. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడిగా లైను లాగాలి. లోడు పెరిగితే ముందే కరెంటు ఆఫీసులో రాయించుకోవాలి. ఇవి గోడ గీయకముందు మాట్లాడుకునే మాటలు.

బేరం చేసే తీరు కూడా మారింది. మేస్త్రికి మేము శనివారం బట్వాడా ఇచ్చేవాళ్లం. వారంలో జరిగిన పని ఎదురుగా ఉండేది. ఇప్పుడు చదరపు అడుగుకు ఇంత అని టోకున మాట్లాడి సగం డబ్బు ముందే ఇస్తున్నారు. ప్లైవుడ్ అని రాసుకుంటే సరిపోతుందా? నీళ్లు తగిలేచోట ఐఎస్ 710 మెరైన్ ప్లై కావాలి. మామూలు చోట ఐఎస్ 303 చాలు. పైన సన్‌మైకా అతికినాక లోపల ఏది ఉందో ఎవడు చూస్తాడు? అందుకే రకం, మందం, కంపెనీ కాగితం మీద ఉండాలి. అతికించే ముందు పలక మీద ముద్ర చూసుకోవాలి. బిల్లులో కొంత సొమ్ము ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకోవాలి.

మా రోజుల్లో అన్నీ బాగున్నాయని నేను అనను. ఆ గుడ్డల అంగడికి మూడు మెట్లన్నాను కదా, కాళ్లు లేనివాడు వీధిలోనే కూచుని బేరమాడేవాడు. ఆడమనిషి ఉద్యోగానికి వస్తుందని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఆడవాళ్లకు మరుగుదొడ్డి అన్న ఆలోచనే లేదు. ఇప్పుడు మావాడి దగ్గర లెక్కలు చూసేది ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లకు విడిగా, లోపల గడియ ఉన్న, నీళ్లు వచ్చే బాత్రూం కావాలి. అది డ్రాయింగులో ఉంది, అందుకు ఆ కుర్రవాణ్ణి మెచ్చుకున్నాను. వాలుబాట మాత్రం లేదు. 2016 చట్టం వికలాంగులకు దారి ఉండాలంటోంది. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలు ఇవ్వాలి, దానికి స్థలం ముందే వదలాలి.

చివరికి మావాడితో ఒకటే చెప్పినా. "అబ్బీ, ఆ కుర్రోణ్ణి హైదరాబాదు నుంచి మళ్లీ పిలిపీ. కంప్యూటరు తెరవనీకుండా ఒక సోమవారం పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా నీ ఆఫీసులో ఒక మూల కూచోబెట్టు. ఎవరు ఎన్నిసార్లు లేచినారు, ఏ కాగితం కోసం యాడికి పోయినారు, డ్రైవర్లు యాడ నిలబడినారు, ఎండ ఎప్పుడు యాడికి వచ్చింది, అంతా రాసుకోనీ. ఆ పిల్లలిద్దర్నీ అడగమను. ఆమైన గీయమను."

వాడు సరే అన్నాడు. అడ్వాన్సు ఇచ్చినాడంట, అయినా పని ఇంకా మొదలు కాలేదు. పడమటి గోడ మూసి, వాకిలి పక్కన పంచ దించి, డ్రైవర్లకు అరుగు వేయించమన్నాను. ఆ అరుగుకు బండ వాడి యార్డులోనే పడి ఉంది, కొనే పని కూడా లేదు.