అంతర్వేది దారిలో

నేను ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాల పాతకాలపు సైకిల్ని. రాజమండ్రిలో ఒక పోస్ట్‌మ్యాన్‌కి ఉద్యోగమంతా తోడున్నాను. అప్పట్లో నేను కదిలానంటే ఎక్కడో ఒక చిరునామా ఎదురుచూస్తున్నట్టే. గుమ్మం ముందు స్టాండు వేయడం, బెల్లు కొట్టడం, ఉత్తరం ఇచ్చేసి మళ్ళీ ఎక్కడం. దారంటే నాకు రెండిళ్ళ మధ్య ఖాళీ, అంతే. పెద్దాయన రిటైరయ్యాక వసారాలో గోడకు చేరాను.

రేపు తెల్లవారుజామున తాతా మనవడూ అంతర్వేది బయల్దేరుతున్నారు. మనవడిది గేర్ల సైకిలు, తాతది నేను.

ఇవాళ షాపులో నన్ను తలకిందులుగా నిలబెట్టారు. బరువంతా వెనకే కాబట్టి వెనక చక్రానికి 40 పుల్లలు, ముందుదానికి 32. షాపతను చక్రం తిప్పి, ఒక్కో పుల్లనూ వేలితో మీటి, వదులైన చోటల్లా బిగించి బెండు తీశాడు. ఇరుసులో గట్టిపడిన గ్రీజు కిరసనాయిలుతో కడిగి కొత్త గుళ్ళు వేశాడు. పక్కనే మనవడు ఫోనులో మ్యాపు చూస్తున్నాడు.

"ఆగకుండా తొక్కితే మధ్యాహ్నం రెండింటికల్లా గుడి దగ్గరుంటాం తాతయ్యా."

"అంత తొందరైతే బస్సెక్కరా!"

ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది. నా చక్రం ఒక్క చుట్టు తిరిగితే కదిలేది రెండు మీటర్ల పైచిలుకు. ఆ నిదానం ఉన్నవాళ్ళకే దక్కే సంగతులు ఆ దారినిండా ఉన్నాయి. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంకలో దిగితే ఆత్రేయపురం వైపు కాలవగట్టు. అక్కడ పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద పరిచి లాగుతారు. చిటికెలో ఉల్లిపొరలాంటి రేకు లేచి వస్తుంది. కార్లవాళ్ళు పూతరేకుల డబ్బా కొనుక్కుని పోతారు. ఆ రేకు కుండను వదిలే క్షణం చూడాలంటే మాత్రం దిగి నిలబడాలి.

ఆ తర్వాత పి.గన్నవరం. అక్కడ కింద వైనతేయ నది, పైన పొలాలకు పోయే కాలువ. ఆ అక్విడెక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వేళ కాని వేళ వచ్చిన బాటసారులక్కూడా వండి వడ్డించిన తల్లి, 1909లో కన్నుమూశారు. ఆవిడ ఒకసారి నరసింహస్వామి దర్శనానికి ఇదే అంతర్వేదికి పల్లకిలో బయల్దేరారట. దారిలో ఒక పెళ్ళివారి గుంపు ఎదురైంది. ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని 'కాసేపట్లో సీతమ్మగారింటికి చేరతాం, అన్నం తిందురుగాని' అని పెద్దలు ఊరడిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆవిడ పల్లకి వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు. ఆ యాత్రలో దర్శనం కాలేదు. అయినా ఫలం దక్కిందనే కోనసీమ నమ్ముతుంది. నేనూ నమ్ముతాను.

పొద్దు వాలేకొద్దీ సముద్రపు గాలి ఎదురు కొడుతుంది. గంటలు లెక్కపెట్టుకునేవాడికి అది పగ. లెక్కలేనివాడు దిగి, నా హ్యాండిల్ పట్టుకుని నడుస్తూ కొబ్బరితోటల వాళ్ళతో మాట కలుపుతాడు. పెద్దాయన ఆ రకమే. ఈసారి నా క్యారియర్ మీద ఉత్తరాల సంచీ లేదు, మా కోసం ఏ గుమ్మమూ కాచుకుని లేదు. చీకటి పడితే రాజోలులోనే పడుకుంటాం.

రేపు ఆ కాలవగట్టు మీద మేం కనబడితే ఎప్పటికి చేరతారని అడక్కండి. కాసేపు ఆపి, ఇంతవరకూ ఏమేం చూశారో అడగండి.