ఫిలింబాబు

పెళ్ళిలో ఫిలింబాబుని ఇట్టే గుర్తుపట్టొచ్చు. అందరూ ఫోన్లు పైకెత్తి తాళికట్టు తీస్తుంటే, ఇతనొక్కడే తల వంచుకుని ఓ నల్ల డబ్బా వెనకున్న బుల్లి ఎర్ర కిటికీలోకి చూస్తూ ఉంటాడు. అందులో తర్వాతి అంకె కనబడేదాకా మర తిప్పాలి. ఆ తిప్పుడు అయ్యేసరికి తలంబ్రాలు కూడా అయిపోతాయి.

ఉద్యోగం హైటెక్ సిటీలో, జేబులో లక్ష రూపాయల ఫోను, మెడలో ఆగ్ఫా క్లిక్ త్రీ. ఒకప్పుడు బరోడాలో తయారై, మధ్యతరగతి ఇళ్ళ బారసాలలన్నీ తీసిపెట్టిన కెమెరా అది. తాతగారి అటక మీద ఇత్తడి బిందెల వెనక దొరికిందని చెబుతాడు. తాతగారిది ఎప్పుడో పాతసామాన్లవాడి తక్కెడెక్కింది. ఇది జుమేరాత్ బజార్లో బేరమాడి తెచ్చింది.

"చవక కెమెరా చాలండీ, చూసే కన్నుండాలి" అంటాడు. 1900లో కొడాక్ వాళ్ళు బ్రౌనీని ఒక్క డాలరుకే అమ్మిన సంగతి ఎత్తుతాడు. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్ళు చేసిన 'ఇందు' ఫిలిం గురించి, పోయిన మేనత్తని తలుచుకున్నట్టు తలుచుకుంటాడు. కెమెరా చవకే, కాదనను. కానీ ఇప్పుడు ఫిలిం విదేశాల నుంచి రావాలి. ఒక రోలు ధరకి ఇద్దరు ముగ్గురు సుష్టుగా బిర్యానీ తినొచ్చు. వచ్చేవి పన్నెండు బొమ్మలు. అందుకే ఫోనులో ఒక్క పిల్లికే నలభై ఫోటోలు తీసే మనిషి, క్లిక్ త్రీ చేతికి రాగానే పిసినారి అయిపోతాడు. మనల్ని నిలబెట్టి, గడ్డం ఎత్తించి, ఊపిరి బిగబట్టించి, "వద్దులెండి, వెలుతురు బాలేదు" అని వెళ్ళిపోతాడు.

వెలుతురు నిజంగానే బాగుండదు. ఆ కెమెరా మీద ఎండ బొమ్మ ఒకటి, మబ్బు బొమ్మ ఒకటి ఉంటాయి. కల్యాణమంటపానికి బొమ్మ లేదు. అందుకని పెళ్ళికూతురిని వదిలేసి పెరట్లోకి నడుస్తాడు. మా వాళ్ళ పెళ్ళి ఒకదాని తాలూకు రోలులో వంటవాళ్ళ గంగాళం, చెప్పుల గుట్ట, ఎండలో నిద్రపోతున్న సన్నాయి ఆయన వచ్చాయి. ఒకసారి మర తిప్పడం మరిచి మళ్ళీ నొక్కడంతో పెళ్ళికొడుకు బావగారి మొహంలో గంగాళం పడింది. బావగారు ఇప్పటికీ మాట్లాడరు. ఫిలింబాబు దాన్నే ఫ్రేము కట్టించాడు.

అసలు భాగోతం స్నానాల గదిలో. సినిమాల్లో చూసి ముందుగా ఎర్ర బల్బు కొన్నాడు. కాగితం మీద ప్రింట్లు వేసేటప్పుడు ఎర్ర వెలుగు పనికొస్తుంది గానీ, ఇప్పటి ఫిలిం ఎరుపుని కూడా చూస్తుంది. మొదటి రోలు ఆ చివర నుంచి ఈ చివరదాకా నల్లగా వచ్చింది. దానికి 'అమావాస్య' అని పేరు పెట్టాడు. అప్పటి నుంచి కటిక చీకట్లోనే, తలుపు సందులో తువ్వాలు కుక్కి, తడుముకుంటూ ఫిలింని చుట్టకి ఎక్కిస్తాడు. బయట అమ్మ తలుపు బాదుతుంది: "ఒరేయ్, నాన్నగారికి ఆఫీసు టైమయిందిరా!" లోపలి నుంచి, "తలుపు తీస్తే పన్నెండూ పోతాయమ్మా!"

ఫిలిం డబ్బాలోకి వెళ్ళి మూత పడ్డాక డెవలపరు. ఇరవై డిగ్రీలుండాలని సీసా మీద రాసుంటుంది. మే నెలలో మన కుళాయి నీళ్ళకి ఆ సంగతి తెలియదు. ఫ్రిజ్‌లో ఐసంతా బకెట్లోకి పోతుంది. వేడి చూడ్డానికి ఇంట్లో ఉన్న జ్వరం థర్మామీటరు తెచ్చాడు. దాని లెక్క మొదలయ్యేదే ముప్పై అయిదు దగ్గర. తర్వాత హైపో, తర్వాత కడుగుడు. చివరికి బట్టల తీగకి క్లిప్పు పెట్టి, నాన్నగారి బనీను పక్కన ఫిలింని వేలాడదీస్తాడు. ఎండేదాకా ఇంట్లో ఫ్యాను వెయ్యకూడదు, దుమ్ము పడుతుంది. మే నెలే అని మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఎండిన ఫిలింని ఫోనుతోనే ఫోటో తీసి, ఫోనులోనే తెల్లని నల్లగా, నల్లని తెల్లగా తిప్పి, ఫోనులోనే అందరికీ పంపుతాడు. ఇదంతా చూసి తాతగారు ఒకసారి అడిగారు: "మేం కలరు కొనలేక తీశాంరా నలుపూ తెలుపూ. నీకేం తక్కువైందిరా?" ఫిలింబాబు దగ్గర అన్నిటికీ జవాబుంది, దీనికి లేదు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మా వాళ్ళ ఫోన్లలో ఆ పెళ్ళి ఫోటోలు వేలల్లో ఉన్నాయి, వెతికితే ఒక్కటీ దొరకదు. సన్నాయి ఆయన నిద్ర మాత్రం గోడ మీద ఉంది, అంచులు కాస్త మసకగా.

కాబట్టి ఫిలింబాబు మీ వైపు కెమెరా తిప్పితే విసుక్కోకండి. నీడలోంచి ఎండలోకి రండి. పది అడుగుల దూరంలో నిలబడండి, దగ్గరైతే మసకే. అతను నొక్కేదాకా కదలకండి. మర తిప్పాడో లేదో మాత్రం ఒకసారి అడగండి.