బేస్‌మెంట్‌లో ఉమ్మెత్త

న్యూజెర్సీలో తెలుగువాడి ఇల్లేదో అక్టోబరు నెలాఖరులో ఇట్టే తెలిసిపోతుంది. రాత్రికి 32 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఫోను చెప్పగానే ఎదురింటి తెల్లాయన తాపీగా ఆకులు ఊడ్చుకుంటుంటాడు, మనవాడేమో కుండీని కౌగిలించుకుని మెట్లెక్కుతుంటాడు. ముందు కరివేపాకు, తర్వాత తులసి, ఆపైన మల్లె. ఈ వరస మారదు.

మా ఇంట్లో వీటి వెనకాల ఇంకోటి ఉంది. మనిషెత్తు మొక్క, చేటంత ఆకులు, తలకిందులుగా వేలాడే జానెడు బాకా పూలు. పేరు బ్రగ్‌మాన్సియా. నర్సరీలో ఏంజెల్స్ ట్రంపెట్ అని చీటీ కట్టి, డాలర్లు పుచ్చుకుని ఇచ్చారు. ఇండియా నుంచి దిగిన మా అమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "ఏరా, ఉమ్మెత్తని కొనుక్కొచ్చావా?" అంది.

ఆవిడ అన్నదాంట్లో చరిత్ర ఉంది. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని ధతూరా, అంటే ఉమ్మెత్త, అనే రాశాడు. 1805లో పెర్సూన్ అనే మరో శాస్త్రవేత్త విడదీసి వేరు కాపురం పెట్టించాడు. ఉమ్మెత్త పువ్వు పైకి చూస్తుంది, ఇది నేలచూపులు చూస్తుంది. దాని కాయకు ముళ్లు, దీని కాయ నున్నన. వినాయకచవితినాడు ఇరవై ఒక్క పత్రుల్లో దత్తూరపత్రం తక్కువైందని అమ్మ దీని ఆకు కోయబోతే, 1805 తర్వాత ఇది పూజకు చెల్లదమ్మా అన్నాను. అమ్మ లిన్నేయస్ పక్షం. కోసేసింది.

బైపీసీ చదివినవాళ్లకు సొలనేసి కుటుంబం గుర్తుండే ఉంటుంది. గుత్తొంకాయ, గుంటూరు మిరప, టమాటా పప్పు, బంగాళాదుంప వేపుడు, భోజనమయ్యాక తాతగారి చుట్ట... తెలుగువాడి రోజంతా ఆ ఇంటివాళ్లే నడిపిస్తారు. అందులోనే ఏ పనీ చెయ్యకుండా సోకులు చేసుకునే శాఖ ఒకటుంది. పెటూనియా, నైట్‌క్వీన్, ఇదీ ఆ శాఖవే.

దీని మర్యాదలు కొత్తల్లుడివి. జులైలో పొద్దున తడిపింది చాలదు, సాయంత్రం మళ్లీ తడపాలి. మిట్టమధ్యాహ్నం ఆకులన్నీ వాల్చేసి మన గుండె ఆగేలా చేస్తుంది, పొద్దువాలాక తనంతట తనే లేచి కూర్చుంటుంది. ఎరువు ఎంత వేసినా చాలదు. ఇంత చేసినా, కాండం నిటారుగా పెరిగి పంగ చీలేదాకా ఒక్క మొగ్గ వెయ్యదు. పంగకు పైనున్న కొమ్మ తుంచి నాటితే త్వరగా పూస్తుంది. కిందది నాటితే మళ్లీ మొదట్నుంచీ పెరిగి, చీలి, అప్పుడు. కానీ పూసిన సాయంత్రం దీపాలవేళకు వాసన విప్పిందంటే, వద్దన్న అమ్మే కుర్చీ అక్కడికి జరుపుకుంటుంది. అడిగితే లోపల ఉక్కగా ఉందంటుంది.

అసలు గొడవ చలికాలంలో. ఎండొచ్చే దక్షిణం కిటికీ మా ఇంటికి ఒక్కటే. అది కరివేపాకుది. సగం చోటు అడిగితే మా ఆవిడ, "సరే, రేపు చారు తాలింపులో మీ బాకాలు వేస్తా" అంది. దాంతో బ్రగ్‌మాన్సియా బేస్‌మెంట్‌కు దిగింది. అక్కడ చీకట్లో, చలిలో ఆకులన్నీ రాల్చి వట్టి కర్రలా నిలబడుతుంది. వేరు పూర్తిగా ఎండకుండా అప్పుడప్పుడు చెంబెడు నీళ్లు పోస్తే చాలు. హీటరు వెచ్చదనంలో పెడితే ఎర్రనల్లి పట్టి పీడిస్తుంది. ప్లంబరు చూసి, చచ్చిన చెట్టుకు నీళ్లెందుకని జాలిపడ్డాడు. మే నెలలో బయటపెడితే ఆ కర్రే చిగురేసింది.

దక్షిణ అమెరికా దీని పుట్టిల్లు. అక్కడి అడవుల్లోనే ఇప్పుడిది లేదని ఐయూసీఎన్ ఎర్రజాబితా చెబుతోంది. పెంచేవాళ్ల పెరళ్లలోనే బతుకుతోంది. అది తెలిశాక చెంబెడు నీళ్లు పొయ్యనంటే ఎలా?

ఒక్కటి మాత్రం నవ్వులాట కాదు. ఆకు, పువ్వు, గింజ, అన్నీ విషమే. తుంచిన చేత్తో కన్ను నులుముకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. కంటి డాక్టరు వేసే అట్రోపిన్ చుక్కల సరుకే ఇందులోనూ ఉంది. నోట్లో పెట్టుకునే పసిపిల్లలూ కుక్కపిల్లలూ ఉన్న ఇంట్లో ఈ సరదా వద్దు. లేనివాళ్లు చలి ముదరకముందే రండి, పంగ పైనున్న కొమ్మే ఇస్తాను. కరివేపాకు మాత్రం అడక్కండి.