రెండు నిమిషాల పని

నా దోస్తు ఒకడు హైదరాబాద్‌లో పేరున్న ప్రోగ్రామర్. ఇద్దరం పిట్లంలో ఒకే బడిలో చదువుకున్నాం. సంగారెడ్డి నుంచి నాందేడ్ దిక్కు పోయే 161వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. పదో తరగతి అయిపోగానే కొందరు బాన్సువాడ బస్సెక్కారు, కొందరు హైదరాబాద్ బస్సెక్కారు. వాడు హైదరాబాద్ పోయి, ఇంజినీరింగ్ చదివి, నాకంటే ఎంతో ముందుకు పోయాడు. వాడి తెలివి నేను దగ్గర నుంచి చూసినవాణ్ని. పదిమంది రాత్రంతా తలలు పట్టుకున్న చోట వీడొచ్చి, తెర మీద నాలుగు వరుసలు చూసి, వేలు పెట్టి చూపిస్తాడు. తప్పు అక్కడే ఉంటుంది.

అలాంటివాడిని అందరూ అడుగుతారు. మా మండలం నుంచి సాఫ్ట్‌వేర్ వైపు వచ్చిన పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఒకరి నుంచి ఒకరికి వాడి నంబరు పాకింది. ఎవరికి కోడ్ ఆగినా వాడికి మెసేజ్ పెట్టేవాళ్లు. మొదట్లో ఓపికగానే చెప్పాడు. తర్వాత విసుగొచ్చింది. ఆఖరికి ఒక జవాబు తయారుచేసి ఫోన్‌లో దాచుకున్నాడు. కొత్త నంబరు నుంచి ప్రశ్న వచ్చిందంటే రెండు అక్షరాలు కొడితే చాలు, ఆ జవాబు దానంతట అదే పడుతుంది: "వాట్ హ్యావ్ యూ ట్రైడ్? ఫస్ట్ డూ యువర్ హోంవర్క్." దాని కిందే ఎరిక్ రేమండ్ 2001లో రాసిన వ్యాసం లంకె. ప్రశ్నలు ఎలా అడగాలో ప్రోగ్రామర్లకు చెప్పే వ్యాసం అది. మా వృత్తిలో చాలామందికి నోటికొచ్చు.

ఆ వ్యాసం మంచిదే. "పని చేస్తలేదు" అని ఒక్కమాట రాసి పారేస్తే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? ఏం చేయబోయావు, ఏం జరిగింది, నువ్వు ఏమేం ప్రయత్నించావు, తెర మీద వచ్చిన తప్పు సందేశం అక్షరం పొల్లు పోకుండా ఏమిటి, ఇవి చెప్పాలి. అయితే అదే వ్యాసంలో చివరి దాకా పోతే జవాబు చెప్పేవాళ్ల కోసం కూడా ఒక భాగం ఉంది. అందులో మొట్టమొదటి సూచన, మెత్తగా ఉండమని. చిక్కులో పడ్డ మనిషి మొరటుగానో తెలివితక్కువగానో కనిపించవచ్చు, నిజానికి అలాంటివాడు కాకపోవచ్చు అని. అంత దూరం చదివేవాళ్లు తక్కువ.

అడగడం మా పనిలో చిన్నతనం కాదు. 1991 ఆగస్టు 25న హెల్సింకిలో చదువుకుంటున్న 21 ఏళ్ల కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్, తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అందులో ఏముంటే బాగుంటుందో చెప్పమని తోటి ప్రోగ్రామర్లను అడిగాడు. దానికే తర్వాత లినక్స్ అని పేరు. ఇవాళ పిట్లం బస్టాండులో పల్లీలు అమ్మే మనిషి చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది దాని మీదే. ఆ రోజు అతనికి "ముందు హోంవర్క్ చేసుకో" అని జవాబు రాలేదు. అది మనందరి అదృష్టం అని నేను నమ్ముతాను.

మొన్న సంక్రాంతికి ఇద్దరం ఊరికి పోయాం. మాది సోయా, కంది, వరి పండే నేల. దసరా ముందు కోసిన సోయాను ఊళ్లో చాలామంది రైతులు ఒక సంఘానికి అమ్మారు. దీపావళి కల్లా అందరికీ పైసలు పడ్డాయి. మా దోస్తు వాళ్ల బాపుకు పడలేదు. ఆ సంగతి కూడా బాపు చెప్పలేదు, అరిసెలు పెడుతూ వాళ్లమ్మ నోరు జారింది. "చెప్పద్దన్నడురా. పట్నంల వానికి వాని పనే తలకు మించి ఉంటదన్నడు."

వాడికి కోపమొచ్చింది. పండగ మరునాడు పొద్దున్నే నన్ను వెంటేసుకుని సంఘం ఆఫీసుకు బయలుదేరాడు.

ఎరువుల దుకాణం మీద ఒక చిన్న గది. గోడకు రైతుల పేర్ల కాగితాలు, మూలకు యూరియా సంచులు, బల్ల మీద ఒక పాత కంప్యూటర్. దాని ముందు ఒక పిల్ల. బాన్సువాడలో డిగ్రీ చేసి, వీడియోలు చూసి సొంతంగా పైథాన్ నేర్చుకుందట. సంఘం లెక్కల ప్రోగ్రాం మొత్తం ఆ ఒక్క పిల్ల రాసిందే. వాడు తన పేరు, బాపు పేరు చెప్పగానే వాడి మొహం వంక ఒక్కసారి చూసి, మళ్లీ తెర వైపు తిరిగింది.

"మా బాపు పేరు లిస్టుల ఎందుకు లేదు?"

"ఉంది అన్నా. రెండు లిస్టులల్ల ఉంది. కాని కలుస్తలేదు."

సభ్యుల జాబితా ఒకటి, సోయా తూకం వేసినచోట రాసుకున్న జాబితా ఇంకొకటి. రెండింటిలో పేరు, ఊరు కలిస్తేనే పైసలు పంపాలని పైవాళ్లు గట్టిగా చెప్పారు. చేత్తో కలపడానికి ఒప్పుకోలేదు. ఆ పిల్ల కలవని పేర్లన్నీ ఒక పక్కకు తీసిపెట్టింది. తెర మీద రెండు కిటికీలు పక్కపక్కన తెరిచి చూపించింది. ఎడమ పక్క ఎలా ఉందో కుడి పక్కా అచ్చం అలాగే ఉంది. నేనూ కళ్లు చికిలించి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

"స్ట్రిప్ పెట్టినవా? పేరు ముందల వెనుక ఖాళీలు ఉన్నయేమో."

"పెట్టిన అన్నా. అక్షరం అక్షరం మళ్ల టైప్ చేసి కూడ చూసిన. గీ తూకం లిస్టు ఫోన్ల ఏదో యాప్‌తోని కొట్టుకొస్తరు. అక్కడి నుంచి వచ్చినయే కలుస్తలేవు. అన్నీ కావు, కొన్ని."

ఆ పిల్ల చెప్పిన తీరు చూడండి. ఏం చేసింది, ఏం జరిగింది, ఎక్కడ జరుగుతోంది, ఎక్కడ జరగడం లేదు, అన్నీ వరుసగా ఉన్నాయి. రేమండ్ వ్యాసం కోరేది ఇంతకంటే ఏముంది?

మా వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కలవని పేర్లను కిందికి జరుపుతూ పోయాడు. విఠల్. గోపాల్. కిషన్. శంకర్. మళ్లీ విఠల్. నాకు అప్పటికి ఏమీ తట్టలేదు. వాడి కళ్లు మాత్రం మెరిశాయి.

"గంగారాం కలిసిండు. సాయవ్వ కలిసింది. లక్ష్మయ్య కలిసిండు. ఆగినోళ్లందరు పొల్లుతోని అయిపోతున్నరు, చూసినవా?"

వాళ్ల బాపు పేరూ పొల్లుతోనే ముగుస్తుంది. ఒక పేరు తీసుకుని దాని పొడవెంతో చెప్పమని ప్రోగ్రాంను అడిగాడు. విఠల్ అంటే కంప్యూటర్ లెక్కలో వ, గుడి, ఠ, ల, పొల్లు, మొత్తం 5 గుర్తులు. సభ్యుల జాబితాలో 5 అనే వచ్చింది. తూకం జాబితాలో 6 వచ్చింది.

ఆ ఆరోది కంటికి కనిపించే అక్షరం కాదు. యూనికోడ్‌లో దాని నంబరు 200సి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. తెలుగుకు అది చాలా అవసరం కూడా. రాజ్‌కుమార్ అని రాసేటప్పుడు జకారం పొల్లుకూ కకారానికీ మధ్య అది కూర్చోకపోతే క వెళ్లి జ కింద వత్తుగా వేలాడుతుంది. కొన్ని టైపింగ్ యాప్‌లు పేరు చివర పొల్లు వచ్చినా దాని వెనక ఒకటి తగిలించి వదులుతాయి. ఖాళీలను తుడిచే స్ట్రిప్ దాన్ని తుడవదు, ఎందుకంటే యూనికోడ్ లెక్కలో అది ఖాళీ కాదు. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" ఐఫోన్లను కూల్చేసిందని ప్రపంచమంతా గోల పుట్టింది గుర్తుందా? అందులోనూ జ్ఞకు, దీర్ఘానికి నడుమ ఇరుక్కున్నది ఇదే కనిపించని గుర్తు. మనీష్ గోరెగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ ఆ మెలిక ఎక్కడుందో విప్పి, బెంగాలీకీ దేవనాగరికీ కూడా అది వర్తిస్తుందని అందరికీ అర్థమయ్యేలా రాశాడు. అతన్ని ఎవరూ జీతమిచ్చి రాయమనలేదు. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అంత పెద్ద కంపెనీ ఇంజినీర్లకే చిక్కని గుర్తు పిట్లంలో ఒంటరిగా కూర్చుని పైథాన్ నేర్చుకున్న పిల్లకు దొరక్కపోవడంలో వింతేముంది?

వాడు ఒక్క వరుస రాశాడు. పేరు చివర ఆ గుర్తు ఉంటే తీసేసి, అప్పుడు పోల్చమని. మళ్లీ నడిపించాడు. కలవని పేర్ల కిటికీ బోసిపోయింది. వాళ్ల బాపు, నలుగురు విఠల్‌లు, గోపాల్, కిషన్, శంకర్, అందరూ కలిశారు. ఆ పిల్ల ముందుకు వంగి ఆ వరుసను పెదవులు కదుపుతూ చదివింది. తర్వాత నోట్‌బుక్ తెరిచి దాన్ని చేత్తో రాసుకుంది, 200సి కింద రెండు గీతలు గీసింది.

వాడు వెనక్కి వాలాడు. పని అయిన సంతోషం మొహంలో ఉంది, కోపం ఇంకా పోలేదు.

"రెండు నిమిషాల పని చెల్లె. గిదానికి మూడు నెలలు గింతమంది రైతులను తిప్పుడా? తెల్వకపోతే తెల్వదనాలె. ఎవరినన్న తెలిసినోళ్లను అడిగితే అయిపోతుండె గద!"

"అడిగిన అన్నా."

"ఎవరిని?"

"మిమ్మల్నే."

వాడు నా మొహం చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు. ఆ పిల్ల నంబరు చెప్తుంటే వాడు వెతికాడు. అక్టోబరులో వచ్చిన మెసేజ్. తెలుగులో రాసింది. రెండు లిస్టుల్లో పేరు ఒక్క తీరే కనిపిస్తున్నదని, స్ట్రిప్ పెట్టినా కలుస్తలేదని, పొడవు ఎట్ల చూడాలో తెలుస్తలేదని, నమస్తే అన్నా అని. దాని కింద ఒక ఫొటో, వాడు అసలు తెరవనే లేదు, ఇంకా మసకగానే ఉంది. దాని కింద వాడి జవాబు: వాట్ హ్యావ్ యూ ట్రైడ్.

వేలితో ఫొటోను నొక్కాడు. అది ఇప్పుడు అందుబాటులో లేదని, పంపినవాళ్లను మళ్లీ పంపమని అడగండని ఫోన్ చెప్పింది.

"ఏముండె ఈ ఫొటోల?"

"కలవని పేర్లు అన్నా. మొదటిది మీ బాపుదే."

గదిలో కొంతసేపు ఎవరం మాట్లాడలేదు. కింద దుకాణంలో ఎవరో సంచులు దించుతున్నారు. వాడు ఫోన్ బోర్లించి బల్ల మీద పెట్టాడు.

"నా నంబరు నీకు ఎవరిచ్చిండ్రు?"

"మీ బాపే. పైసలు అడగనీకొచ్చినప్పుడు నేను గీడ కూసోని ఏడుస్తుంటే చూసిండు. నా కొడుకు దీంట్లనే పెద్ద ఇంజినీర్ బిడ్డా, ఒక్కమాట అడుగు, నిమిషంల చెప్తడు అని కాగితం మీద రాసిచ్చిండు. తర్వాత ఎప్పుడొచ్చినా పైసల సంగతి అడగలే అన్నా. మావోడు చెప్పిండా బిడ్డా అనే అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"చెప్పిండు పెద్దబాపూ, నాకే సమజ్ అయితలేదు అన్న."