కుబేర స్థానంలో కీబోర్డు

బిల్డింగు ఓనరు అద్దె పెంచగానే మా ఆడిటర్‌గారికి ఉద్యోగుల ఆరోగ్యం మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. మే నెల ఎండలో బెంజి సర్కిల్ దాటి ఆఫీసుకి రావడం ఎంత నరకమో రోజూ వచ్చే మాకే ఆయన విడమరిచి చెప్పి, ఇకనుంచి సగంమందిమి ఇంట్లోనే పని చేసుకోవచ్చని తేల్చేశారు. తలా ఒక లాప్‌టాప్, సామాన్లకని పదివేలు. "సకల సౌకర్యాలతో ఇంటి ఆఫీసు ఏర్పాటు చేసుకోగలరు" అని ఈమెయిలు కూడా పెట్టారు. పదివేలకి సకల సౌకర్యాలు బెజవాడలో ఏ వీధిలో దొరుకుతాయో మాత్రం అందులో రాయలేదు.

నాది జీఎస్టీ పని. నెలనెలా 11వ తేదీకి అమ్మకాల రిటర్ను, 20వ తేదీకి పన్ను కట్టే రిటర్ను. ఆ తేదీలు దగ్గరపడ్డాక నేను కుర్చీలోంచి లేచానంటే ఇంట్లో అదో వార్త. అందుకని కుర్చీ దగ్గర్నుంచే మొదలుపెడదాం అన్నారు మా ఆయన.

ఆయన ఏ వస్తువూ ఊరికే కొనరు. అధ్యయనం చేస్తారు. గ్రైండరు మీద అధ్యయనం పూర్తయ్యేదాకా మా ఇంట్లో ఉప్మాయే. ఇప్పుడు కుర్చీల వంతు వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక వీడియోలు పెట్టుకుని కూర్చుని, అమెరికాలో హెర్మన్ మిల్లర్ కంపెనీ 1994లో తెచ్చిన ఏరాన్ కుర్చీ దాకా వెళ్ళిపోయారు. దానికి దిండూ మెత్తా ఉండవట, వల మీదే కూర్చోవడమట. చొక్కాల్లాగా ఎ, బి, సి అని మూడు సైజులట. "దీని వెనక కథ తెలుసా? బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్ అని ఇద్దరు. మొదట ముసలివాళ్ళు సుఖంగా కూర్చునే కుర్చీ కోసం పరిశోధన చేశారు. అందులోంచి పుట్టిందిది" అన్నారు, తనే దగ్గరుండి చేయించినట్టు.

సోఫాలో కునికిపాట్లు పడుతున్న అత్తయ్య కళ్ళు తెరిచారు. "అయితే అది నాకు కొనాల్సిన కుర్చీరా" అన్నారు.

లక్ష పైమాటే అని తెలిశాక, "దానికి ఇంకాస్త వేస్తే మోకాలే మార్పించుకోవచ్చు కదరా" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. ఏరాన్ అధ్యాయం అంతటితో ముగిసింది.

కుర్చీ సంగతి తేలకముందే, దాన్ని ఎక్కడ వేయాలన్న తగువు వచ్చింది. మాది రెండు పడగ్గదుల ఫ్లాటు. ఒక గది పిల్లాడిది, ఇంకోటి బట్టలది; అందులో మేమూ పడుకుంటాం. మిగిలింది హాలు. కూర్చుని పని చేసేవాళ్ళు తూర్పుకో ఉత్తరానికో తిరగాలని అత్తయ్య శాసనం. తూర్పున కిటికీ ఉంది. అటు తిరిగితే పొద్దున్నే సూర్యభగవానుడు నేరుగా కళ్ళల్లోకి వస్తాడు. పడమటికి తిరిగితే ఆయనే వెనకనుంచి వచ్చి స్క్రీను మీద కూర్చుంటాడు. అంకెల బదులు నా మొహం కనిపిస్తుంది. కిటికీ ఎదురుగానూ ఉండకూడదు, వెనకా ఉండకూడదు, పక్కకి ఉండాలని మా ఆయన వీడియోలవాళ్ళు చెబుతారు. అలా లెక్కేస్తే వాళ్ళకీ మా అత్తయ్యకీ ఏకాభిప్రాయం కుదిరిన దిక్కు ఉత్తరం ఒక్కటే. సాక్షాత్తూ కుబేరుడి దిక్కు. ఊళ్ళోవాళ్ళ డబ్బు లెక్క రాసేదానికి ఇంతకంటే ఏం కావాలి? ఒక్కటే చిక్కు. ఉత్తరపు గోడని కుబేరుడి కంటే ముందే టీవీ ఆక్రమించేసింది.

టీవీ కదలడానికి వీల్లేదు. అత్తయ్య సోఫా కదలడానికి అసలే వీల్లేదు. చివరికి టీవీ పక్కన మూడున్నర అడుగులు నాకు రాసిచ్చారు.

దాని ఫలితం మొదటి వీడియో కాల్‌లో తెలిసింది. నా వెనక సోఫా, సోఫాలో అత్తయ్య. ఆవిడ చూస్తున్నది టీవీనే, కానీ టీవీ నా పక్కనే ఉంది కాబట్టి అవతలివాళ్ళకి ఆవిడ సూటిగా తమనే చూస్తున్నట్టు ఉంటుంది. సిమెంటు డీలరొకాయన తన కొనుగోళ్ళ బిల్లులు కొన్ని ఎందుకు కనబడటంలేదో వివరిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే సీరియల్లో కోడలి నగలు మాయమయ్యాయి. అత్తయ్య బుగ్గ మీద చెయ్యి వేసుకుని తల అడ్డంగా ఊపారు. ఆయన మాట తడబడింది. కాసేపటికి నగలు ఎవరు తీశారో తెలిసింది కాబోలు, "వీడే! నాకు ముందే తెలుసు" అన్నారు అత్తయ్య. మర్నాడు పొద్దున్నకల్లా ఆ బిల్లులన్నీ నా మెయిల్లో ఉన్నాయి. వెనక మసక తెర పెట్టుకునే సౌకర్యం ఉందని మా ఆయన చూపించారు గానీ, ఇలాంటి ఆడిట్ అసిస్టెంటుని చేజేతులా ఎవరు మసకేసుకుంటారు?

ఇక బల్ల. దేశంలో రాతబల్లలు ఇంచుమించు అన్నీ 29, 30 అంగుళాల ఎత్తులో ఉంటాయి. ఎవరి కొలతకి చేశారో తెలియదు గానీ, నా కొలతకి మాత్రం కాదు. నేను ఐదడుగుల ఒక అంగుళం. కుర్చీలో పాదాలు నేలకి ఆనించి కూర్చుని, చేతులు వేలాడేసి మోచేతుల దగ్గర మడిస్తే, నేల నుంచి మోచేతికి 25 అంగుళాలు వచ్చింది. కీబోర్డు ఉండాల్సింది ఆ ఎత్తులో. అంతకంటే పైన ఉంటే భుజాలు ఎగదీసి టైపు చేయాలి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఇది ఎవరైనా ఇంట్లో టేపు పెట్టి చూసుకోవచ్చు. కుర్చీ ధర మీద నెల్లాళ్ళు చర్చించేవాళ్ళు ఈ కొలత ఎందుకు తీసుకోరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా ఇంట్లో ఉన్నది కీర్తిశేషులు మావయ్యగారి టేకు బల్ల. సరిగ్గా 30 అంగుళాలు. కుర్చీ పైకి లేపితే మోచేతులు సరిపోతాయి, కాళ్ళు గాల్లో వేలాడతాయి. కాళ్ళకింద ఏదన్నా పెట్టాలి. మూలనున్న పాత వ్యాట్ పుస్తకాలు సరిగ్గా ఆ ఎత్తే. "పుస్తకం మీద కాలు పెడతావుటే? సరస్వతి!" అన్నారు అత్తయ్య. పీట తెచ్చాను. అది మా పెళ్ళిపీటట. రోలు బోర్లించనా అని అడిగే ధైర్యం లేక, "బల్ల కాళ్ళు కోయిద్దాం" అన్నాను.

మా ఆయన నిర్ఘాంతపోయారు. "నాన్నగారి బల్ల! టేకు! ఇవాళ్టి రేటెంతో తెలుసా?" మద్దతు కోసం ఇద్దరం అత్తయ్య వైపు తిరిగాం. ఆవిడ తాపీగా కళ్ళజోడు తుడుచుకుని, "కోయించవే. ఆయనకీ అది ఎత్తే. బతికినన్నాళ్ళూ కిందొక ఇటుక పెట్టుకుని రాసుకున్నారు, బయటికి చెప్పుకోలేదు" అన్నారు. అంతటితో ఆగలేదు. "మా మావగారైతే కరణీకమంతా నేల మీద కూర్చునే వెళ్ళదీశారు. ఏటవాలు డెస్కు ముందు పెట్టుకుని ఊరి శిస్తులన్నీ రాసేవారు. ఎనభై నాలుగులో ఎన్టీరామారావు కరణాల్ని తీసేశాక అందులో పోపు సామాను పోసుకున్నాం" అన్నారు. ఆ డెస్కు ఇప్పుడు ఉండుంటే ఈ వ్యాసం రాసే పనే ఉండేది కాదు.

వడ్రంగి వచ్చి బల్లని తిరగేసి, ఒక్కో కాలికీ ఐదంగుళాల దగ్గర పెన్సిలు గీత గీసి, "అమ్మా, ఒకసారి కోస్తే అతకదు" అని నా మొహంలోకి చూశాడు. సర్జరీ ముందు డాక్టరు సంతకం అడిగినట్టుంది ఆ చూపు. మా ఆయన బాల్కనీలోకి వెళ్ళిపోయారు. కోత పావుగంటలో అయిపోయింది. సొరుగు తొడలకి తగులుతోందని అదీ తీయించేశాను. కోసిన నాలుగు ముక్కల్నీ అత్తయ్య బియ్యం డబ్బా కింద పెట్టుకున్నారు. డబ్బా ఎత్తు పెరగడంతో, ఒంగకుండా బియ్యం తీసుకోవచ్చని ఇప్పుడు ఇంట్లో అందరికంటే ఈ ఆపరేషన్‌ని మెచ్చుకునేది ఆవిడే.

కాలుకిందకి పనికిరాని వ్యాట్ పుస్తకాలు లాప్‌టాప్ కిందకి పనికొచ్చాయి. తెర పై అంచు కంటి ఎత్తులో ఉండాలి, తెర చేతికి అందేంత దూరంలో ఉండాలి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఆ పుస్తకాల్ని మూలన పడేశాం. ఇప్పుడు వాటి మీద 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం వ్యాఖ్యానం కూడా చేరింది. దాన్నీ రద్దుచేసి, 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టాన్ని అమల్లోకి తెచ్చారు కదా. చదివినన్నాళ్ళూ నా తల వంచిన పుస్తకాలు రద్దయ్యాక తల ఎత్తిస్తున్నాయి. మళ్ళీ ఏ చట్టమన్నా మార్చితే మాత్రం నా మెడ ఒప్పుకోదని ఢిల్లీవాళ్ళు గమనించాలి.

కీబోర్డు విషయంలో మాత్రం నేనెవరి మాటా వినలేదు. లాప్‌టాప్ కీబోర్డులు అంకెలతో పనిలేనివాళ్ళ కోసం పుట్టాయి. నాకిచ్చినదానికి కుడిపక్క అంకెల గడి లేదు. అసలు బాధ ఎఫ్ మీటలది. మేం లెక్కలు రాసే ట్యాలీలో ఎఫ్8 కొడితే అమ్మకం ఓచరు, ఎఫ్9 కొడితే కొనుగోలు. ఈ లాప్‌టాప్‌లో ఎఫ్8 కొడితే వెలుతురు తగ్గింది. ఎఫ్9 కొడితే పెరిగింది. అలవాటుకొద్దీ వేళ్ళు పోతున్నకొద్దీ స్క్రీను చీకటీ వెలుగూ అయ్యేసరికి, "కరెంటు వోల్టేజీ బాగోలేదు" అని పిల్లాడు వెళ్ళి ఫ్రిజ్ ఆపేశాడు. ఏడొందలకి అంకెల గడి ఉన్న వైరు కీబోర్డు తెచ్చుకున్నాను. మెరిసే లైట్లూ, టకటక చప్పుడూ ఉండే రకాలు మా ఆయన చూపించారు. ఆ చప్పుడు చెయ్యడానికి పిల్లాడున్నాడు. అన్నట్టు, క్యాలిక్యులేటరులో 7, 8, 9 పైన ఉంటాయి, ఫోనులో 1, 2, 3 పైన ఉంటాయి. రోజంతా ట్యాలీ కొట్టిన చేత్తో రాత్రి మా అమ్మకి ఫోను చేస్తే ఎవరో ఎత్తి "హలో, హోటలా?" అంటారు.

కుర్చీ చివరికి ఐదువేలలోపే వచ్చింది. నైట్రోజను నింపిన గొట్టం మీద పైకీ కిందకీ కదిలే రకం. మొదటి వారమంతా అందులో కదిలింది మా వాడొక్కడే. నేను కూర్చుంటే వెనకాల నడుముకి ఆనాల్సిన ఉబ్బు వీపు మధ్యలో పొడుస్తోంది, సీటు ముందంచు మోకాళ్ళ వెనక కోస్తోంది. సీటంచుకీ మోకాలి మడతకీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. నాకు వేలి గోరు కూడా దూరదు. ఆరడుగుల మగాడి కుర్చీ అది.

ఇక్కడ అక్కరకొచ్చింది వీడియోలు కాదు, ఆటోనగర్. లారీల బాడీలు కట్టే ఆ వీధుల్లో సీట్లు కుట్టే మేస్త్రి ఒకాయన ఉన్నాడని మా ఆయన స్నేహితుడెవరో చెబితే కుర్చీని ఆటోలో వేసుకుని వెళ్ళాం. ఆయన కుర్చీ బ్రాండు చూడలేదు. నన్ను అందులో కూర్చోమని, మోకాళ్ళ వెనక చెయ్యి అడ్డంగా చూపించి, "రోజుకి ఎన్ని గంటలమ్మా?" అని అడిగాడు. అన్నిరోజుల అధ్యయనంలో మా ఆయనకి తట్టని ప్రశ్న. మెత్తటి దిండు వెయ్యమన్నాను. నవ్వాడు. "విశాఖపట్నం దాకా బండి తోలేవోడు మెత్త సీటు అడగడమ్మా. మెత్తది ఏలూరు దాకానే బాగుంటది, తర్వాత నడుం పోద్ది." గట్టి ఫోమ్ పలక ఒకటి కోసి, రెక్సిన్ తొడిగి, నా నడుం ఎక్కడుందో అక్కడ ఉబ్బొచ్చేలా వెనక కట్టాడు. దాంతో నేను ముందుకి జరిగాను, మోకాళ్ళ వెనక సందు వచ్చింది. నాలుగొందల యాభై తీసుకున్నాడు. రెక్సిన్ ఎరుపు, అంచుకి పసుప్పచ్చ కుట్టు. వెనక్కి తిప్పి చూస్తే "హారన్ ప్లీజ్" ఒక్కటే తక్కువ.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ఫ్యానూ లైటూ పనిచేస్తాయి, లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, ఇంటర్నెట్ ఇచ్చే డబ్బా మాత్రం ఠపీమని ఆగిపోతుంది. దాని ప్లగ్గు ఇన్వర్టరు లైను మీద ఉండదు. అరచేతిలో పట్టే పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ దానికి పెడితే చాలు. పదివేలలో మిగిలిన దాంతో అది కొన్నాను.

హెడ్‌సెట్ మటుకు మా ఆయన సొంత డబ్బుతో, పెళ్ళిరోజు కానుకగా కొన్నారు. బయటి శబ్దాల్ని మింగేసే రకం. అది మింగేది ఫ్యాను హోరు, ఏసీ గురగుర లాంటి ఏకధాటి చప్పుళ్ళనే. ఉన్నట్టుండి వచ్చే శబ్దాల జోలికి పెద్దగా పోదు. ఆ హోరు పోయేసరికి సీరియల్ డైలాగులు ముందుకంటే స్పష్టంగా వినపడటం మొదలెట్టాయి. కోడలి నగలు ఎవరు తీశారో ఇప్పుడు నాకూ తెలుసు. పైగా ఆ మింగుడంతా నా చెవుల కోసమే. అవతలివాళ్ళకి మా ఇల్లు మైకులో ఉన్నదున్నట్టు వెళ్ళిపోతుంది.

మొన్న 20వ తేదీ పొద్దున గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన లైన్లో ఉన్నారు. కట్టాల్సిన పన్ను ఎందుకు పెరిగిందో నేను వరసగా చెబుతున్నాను, ఆయన ఊ కొడుతున్నారు. సగంలో "ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నారు.

"ఏదన్నా తేడా ఉందా అండీ?"

"లెక్కలో కాదమ్మా. ఇందాకట్నుంచి వింటున్నా, మీ కుక్కరు అయిదో కూత వేసింది. కందిపప్పేగా? మూడుకే కట్టెయ్యాలి. ముందు వెళ్ళి అది దించు, పన్ను ఎక్కడికీ పోదు."