మంచినీళ్ల చెరువు స్వీయచరిత్ర

మంచినీళ్ల చెరువులో పాచి వేసవిలో కంటికి కనబడుతుంది గానీ, దాని తిండి అంతకు ముందే కాలువ నీటితో లోపలికి చేరి ఉంటుంది. ఈ సంగతి తన ఒంటి మీదే చూసిన చెరువు ఒకటి దివిసీమలో ఉంది. ఎకరం విస్తీర్ణం, రెండు మీటర్ల లోతు, ఒక తూము, ఒక రేవు, గట్టు మీద ఇసుక ఫిల్టరు. తన కథ తానే చెప్పుకుంటున్నా, ఇందులో సగం పాచి కథే.

దివిసీమలో చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది. 1852-55 మధ్య విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. 1957 నుంచి దాని పని ప్రకాశం బ్యారేజీ చేస్తోంది. అక్కడ మళ్లిన నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమకు వస్తుంది. వేసవిలో కాలువ కట్టేసేలోగా చెరువు నిండాలి. మళ్లీ నీళ్లు వదిలేదాకా ఊరంతటికీ ఆ నిల్వే ఆధారం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సముద్రం ఈ చెరువు గట్టు దాటింది. ఉప్పునీటిని తోడిపోసి, కాలువ నీటితో కడిగాకే ఇక్కడ మళ్లీ బిందె ముంచారు. ఆ ఉప్పు ఒక్కసారి వచ్చి పోయింది. పాచి మాత్రం ఏటా వస్తుంది.

పాచికి ఎండ, నిలకడ నీరు, నత్రజని, భాస్వరం చాలు. చివరి రెండూ వరిచేలలో చల్లిన యూరియా, డీఏపీలు కరిగిన మురుగులోనూ, పశువుల పేడలోనూ, రేవులో బట్టలుతికిన నీళ్లలోనూ ఉన్నాయి. పగలు పాచి నీటిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చేసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి నీటి పీహెచ్ 9 దాటవచ్చు. రాత్రి అదే పాచి ప్రాణవాయువును తాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయంటే చెరువుకు ఊపిరాడడం లేదని అర్థం. పట్టులా సాగే పచ్చటి పీచు కంటే, రంగు ఒలికినట్టు గాలివాటున ఒక మూలకు చేరే నీలిపచ్చ తెట్టు ప్రమాదకరం. అందులో కొన్ని రకాలు విషాలు తయారుచేస్తాయి. మరిగించినా అవి పోవు.

కాబట్టి పాచిని చంపడం కంటే పస్తు పెట్టడమే మేలు. తూముకు జల్లెడ కట్టాలి. చేలమురుగు కాలువలో కలిసే చోటుకు ఎగువ నుంచే నీరు తీసుకోవాలి. గట్టుకు కంచె వేసి గేదెలను దూరం పెట్టాలి, ఉతుకుడు రేవును తూముకు దిగువన కాలువ వైపు మళ్లించాలి. గట్టు మీది చెట్ల ఆకులు నీటిలో కుళ్లకుండా ఏరెయ్యాలి. కొన్నేళ్లకోసారి అడుగు బురద తియ్యాలి. పాత భాస్వరమంతా అందులోనే దాగి ఉంటుంది. చిల్లగింజ బిందెలో బురదను తేర్చగలదు, పాచి ముందు అది చాలదు.

అప్పటికీ పాచి పట్టిందా, మైలుతుత్తం ఉంది. ఈ చెరువులో సుమారు 81 లక్షల లీటర్లు పడతాయి. లీటరుకు అర మిల్లీగ్రాము చొప్పున వేస్తే మొత్తం నాలుగు కిలోలు. గోనెగుడ్డలో మూట కట్టి తాటిదోనె వెనక వేలాడదీస్తారు. ఎండ ఎక్కిన ఉదయాన దోనె గట్టు వారగా మెల్లగా సాగుతుంటే, మూట వెనక నీలిరంగు పాము మెలికలు తిరిగి, నాలుగు బారలు పోయేసరికి నీటిలో కరిగిపోతుంది. ఒకరోజు సగం చెరువుకే వెయ్యాలి. అంతా ఒక్కసారి చస్తే, కుళ్లే పాచి ఉన్న ప్రాణవాయువంతా లాగేస్తుంది. నీలిపచ్చ తెట్టు దట్టంగా ఉంటే మందు వెయ్యనే కూడదు. చచ్చే కణాలు పగిలి విషం నీళ్లలో కలుస్తుంది. మోతాదు గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరును అడిగే తేల్చుకోవాలి.

బ్లీచింగ్ పౌడరును చెరువులో చల్లడం ఊళ్లలో ఉన్న అలవాటే గానీ, అది వృథా ఖర్చు. ఎండ, పాచి, బురద కలిసి క్లోరిన్‌ను మింగేస్తాయి. పీహెచ్ పెరిగినకొద్దీ మిగిలినదానికి పదును తగ్గుతుంది. బ్లీచింగ్ చోటు ఫిల్టరు తర్వాతి ట్యాంకు. అరగంట ఉంచాక లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. నెమ్మదిగా వడకట్టే ఇసుక పడక మీద పట్టే జిగురుపొరను మాత్రం తొందరపడి తియ్యకూడదు. నీళ్లను శుద్ధి చేసేది ఆ పొరలోని జీవులే. నీరు దిగడం మరీ మందగించినప్పుడే పైన రెండు అంగుళాల లోపు ఇసుక గీకి కడుగుతారు.

విజయవాడ ఇళ్లలో కట్టుకునే ఈత కొలనుకూ ఇదే శాస్త్రం. అక్కడ నీరు తాగరు, పంపు తిప్పుతూ ఉంటుంది కాబట్టి క్లోరిన్ లీటరుకు 1-3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2-7.8 మధ్య ఉంచవచ్చు. గోడలను బ్రష్‌తో రుద్దకపోతే మాత్రం ఎంత మందు పోసినా పాచి పోదు.

జూన్‌లో కాలువ వదిలాక తొలి మూడు నాలుగు రోజుల నీరు కాలువలో పేరుకున్న చెత్తనూ మురుగునూ మోసుకొస్తుంది. ఊరు ఎంత దాహంతో ఉన్నా దాన్ని దిగువకు పోనిచ్చి, తేటపడ్డాకే ఈ చెరువు తూము ఎత్తండి.