నేను లారీ ఆబ్జెక్టుని

నేనుండేది సాలూరులో, ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కంప్యూటరు మెమరీలో. విశాఖ నుంచి రాయపూర్ వెళ్ళే సరుకు లారీలు ఈ ఊరు దాటే ఘాట్ రోడ్డెక్కుతాయి. ఇక్కడ ఎన్నో ఇళ్ళకి లారీయే జీవనాధారం. ఆ బండ్ల లెక్క చూడ్డానికి ఒకమ్మాయి జావాలో ప్రోగ్రాము రాసింది. అందులో 'లారీ' క్లాసు నుంచి పుట్టాను. నంబరు, డ్రైవరు, బండి ఎక్కడుందన్న సంగతి, అన్నీ నాలోనే ఉంటాయి.

బుకింగ్ క్లాసు, షెడ్డు క్లాసు రెండూ నన్ను వాడుకుంటాయి. అలాగని నేను ఇద్దర్ని కాను. వాళ్ళ దగ్గరున్నది నా రిఫరెన్సే, అంటే నా ఆచూకీ. ఒకే ఇంటి అడ్రసు రెండు చీటీల మీద రాసిచ్చినట్టు. జావాలో ఆబ్జెక్టుని ఇంకో క్లాసుకి పంపడమంటే ఆ చీటీకి నకలు తియ్యడమే. అందుకే షెడ్డు నాలో 'బ్రేకులు విప్పాం' అని రాస్తే, బుకింగ్ నన్ను అడిగినప్పుడు అదే కనిపిస్తుంది, లోడు కట్టడం ఆగుతుంది. అదే షెడ్డు తన చీటీ మీద అడ్రసు కొట్టేసి కొత్త లారీ అడ్రసు రాసుకుంటే, బుకింగ్ చీటీలో మాత్రం నేనే ఉంటాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ రెండింటి తేడా దగ్గరే.

చీటీ మీద ఏ అడ్రసూ లేకపోతే దాన్ని నల్ అంటారు. 1965లో టోనీ హోర్ ఆల్గాల్ డబ్ల్యూ భాషలో దాన్ని పెట్టారు. తర్వాత 2009లో ఆయనే అది తన బిలియన్ డాలర్ల పొరపాటని చెప్పారు. డ్రైవరు ఇంకా కుదరని బండిని పట్టుకుని డ్రైవరు ఫోన్ నంబరు అడిగితే, ప్రోగ్రాము ఎందుకు ఆగిపోతుందో నాకు బాగా తెలుసు.

పంచుకోవడం వల్ల మేలు చాలా ఉంది. మా ప్రోగ్రాములో 'ఊరు' ఆబ్జెక్టు ఒక్కటే, బండ్లన్నీ దాన్నే చూపిస్తాయి. 2022 ఏప్రిల్‌లో సాలూరు విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. ఆ ఒక్కచోట దిద్దితే చాలు, బండ్లన్నిటికీ జిల్లా మారినట్టే.

చిక్కంతా పాత ట్రిప్పుల దగ్గర వచ్చింది. 'ట్రిప్పు' క్లాసు డ్రైవరు పేరు తన దగ్గర ఉంచుకోలేదు. నా రిఫరెన్సు పెట్టుకుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు నన్నే అడిగేది. పాత డ్రైవరు మానేశాడు, కొత్తతను ఎక్కాడు, నాలో పేరు మారింది. నెలాఖరున బత్తా లెక్క తీస్తే గడిచిన ట్రిప్పులన్నీ కొత్తతని పేరు మీదే ఉన్నాయి.

"ఇదేటమ్మా? జైపూర్ లోడుకి ఎల్లినోడు ఈడు కాదు గదా! బత్తా ఎవుడికివ్వాల?" అన్నాడు ఓనరు.

"బండి అదే చిన్నాన్నా. బండిలో పేరు మారితే పాత ట్రిప్పులూ దాన్నే చూపిస్తున్నాయి," అందా అమ్మాయి.

ఆ పూటే మార్చేసింది. బండి బయల్దేరినప్పుడే, నా రిఫరెన్సుకి బదులు ఆనాటి డ్రైవరు రిఫరెన్సునీ, నా నంబరునీ ట్రిప్పు తనలోనే రాసుకునేటట్టు చేసింది. డ్రైవరు ఫోన్ నంబరు మారితే పాత ట్రిప్పు నుంచి కూడా కొత్త నంబరే దొరకాలి, కాబట్టి అక్కడ రిఫరెన్సు ఉండడమే న్యాయం. బత్తా మాత్రం అంకె. అంకె విలువగానే నకలవుతుంది, రేపు రేటు పెంచినా నిన్నటిది కదలదు. ఏది పంచుకోవాలి, ఏది విడిగా రాసుకోవాలి అన్నది భాష చెప్పదు, లారీ వ్యాపారం తెలిసినవాళ్ళు చెప్పాలి. ఆ అమ్మాయి ఓనరు పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగి రాసుకోవడం నాకెంతో నచ్చింది.

ఈమధ్య ఆ బండిని అమ్మేశారు. బుకింగ్ జాబితాలోంచి నన్ను తీసేశారు. షెడ్డు రిపేర్ల జాబితాలో మాత్రం నా రిఫరెన్సు ఇంకా ఉంది, అందుకే ఎవరూ చూపించని ఆబ్జెక్టుల్ని మెమరీలోంచి ఏరేసే గార్బేజ్ కలెక్టర్ నన్ను ముట్టుకోలేదు. లేని బండికి టైర్లు మార్చాలని షెడ్డు స్క్రీను ఇంకా గుర్తుచేస్తూనే ఉంది. ఆ వరస కూడా తీసేస్తే నన్ను చూపించేవాళ్ళెవరూ ఉండరు, నా చోటు ఇంకో బండికి పోతుంది. ట్రిప్పుల్లో నంబరూ డ్రైవరూ విడిగా ఉన్నాయి కాబట్టి పాత బత్తా లెక్కలో ఒక్క రూపాయి తేడా రాదు.